కామొడోర్ 64లో ఎండ్‌లెస్ రన్నర్ గేమ్ రాయడం ఎలా

ఎండ్‌లెస్ రన్నర్‌లో బొమ్మ ఆగకుండా పరిగెడుతుంది, అడ్డం వచ్చినవాటి మీంచి దాన్ని దూకించాలి. కామొడోర్ 64 లాంటి పాత ఇంటి కంప్యూటర్ మీద మొదటి గేమ్‌గా ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే లెవెల్ మ్యాప్‌లు దాచక్కర్లేదు, ఒక్క బటన్ చాలు. దాంతోపాటే వచ్చే బేసిక్ భాషలో మాత్రం మొదలుపెట్టకండి, ప్రాసెసర్ వేగమే దాదాపు 1 మెగాహెర్ట్జ్, స్క్రీన్ ఈడ్చుకుంటూ కదులుతుంది. మీ పీసీలో యాక్మీ గానీ కిక్ అసెంబ్లర్ గానీ పెట్టుకుని అసెంబ్లీలో (ప్రాసెసర్ సొంత ఆదేశాల భాషలో) రాయండి, పీసీలోనే కామొడోర్‌ని అనుకరించే వైస్ ఎమ్యులేటర్‌లో నడిపి చూసుకోండి.

నిజానికి బొమ్మ ముందుకి పోదు. స్ప్రైట్ (నేపథ్యం మీద హార్డ్‌వేర్ విడిగా గీసే బొమ్మ) ఉన్నచోటే ఉంటుంది, నేల ఎడమవైపుకి జరుగుతుంది. మెమరీలో 53270 చిరునామా దగ్గరున్న రిజిస్టర్‌లో (హార్డ్‌వేర్‌ని నడిపే బైట్‌లో) చివరి 3 బిట్లు స్క్రీన్‌ని 0 నుంచి 7 పిక్సెల్స్ దాకా జరుపుతాయి. ప్రతి ఫ్రేమ్‌లో ఆ విలువలోంచి 2 తీసేయండి, సున్నా కన్నా కిందికి పోతే 8 కలిపి, నేల వరసల్లో క్యారెక్టర్లన్నిటినీ ఒక గడి (8 పిక్సెల్స్) ఎడమకి జరిపి, కుడి చివర కొత్త నిలువు వరస గీయండి. అదే రిజిస్టర్‌లో బిట్ 3 సున్నా చేస్తే 38 నిలువు వరసల మోడ్ వస్తుంది, అంచుల్లో జరిగే అతుకుల పని కనబడదు.

స్క్రీన్ మొత్తం జరపాలన్న ఆశ వద్దు. పాల్ (యూరప్, భారత్ టీవీ పద్ధతి) మెషీన్‌లో ఒక ఫ్రేమ్‌కి ఉన్నవి 19,656 ప్రాసెసర్ సైకిళ్లే, 25 వరసలూ మామూలు లూప్‌తో జరిపితే చాలామటుకు వాటికే సరి. కింద 6 వరసలు నేలకి, పైన ఒకటి స్కోరుకి, మధ్యలో ఖాళీ ఆకాశం. ఆకాశం ఖాళీ కాబట్టి ఇంకో లాభం ఉంది: స్క్రీన్ మీద ఇప్పుడు గీస్తున్న గీత (రాస్టర్) నంబర్ 53266లో ఉంటుంది, అది చూస్తూ 100వ గీత దగ్గర స్క్రోల్ విలువ పెట్టండి, 251 దగ్గర దాన్ని తీసేసి క్యారెక్టర్లు జరపండి, టైమింగ్ ఒకటి రెండు గీతలు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలీదు, స్కోరు కూడా ఊగదు. నేల వరస ఒక్కోదానికి ఒకే రంగు పెట్టుకుంటే కలర్ మెమరీని (ఒక్కో గడి రంగు ఉండే చోటు) అసలు ముట్టుకోనక్కర్లేదు.

దూకడానికి ఫిజిక్స్ లెక్కలెందుకు, 32 ఎత్తుల టేబుల్ ఒకటి రాసుకుని ఫ్రేమ్‌కొకటి చదవండి. 56320లో బిట్ 4 సున్నా అయితే పోర్ట్ 2 జాయ్‌స్టిక్ ఫైర్ నొక్కినట్టు. కాళ్లు నేలకి ఆనడానికి మూడు నాలుగు ఫ్రేముల ముందే నొక్కినా గుర్తుపెట్టుకుని దూకించండి. ఇది లేకపోతే ఆడేవాళ్లు నొక్కాను కదా అని గేమ్‌నే తిడతారు, వాళ్లదే న్యాయం కూడా.

అసలు గేమంతా అడ్డంకుల మధ్య దూరంలో ఉంది. ఫ్రేమ్‌కి 2 పిక్సెల్స్ వేగంతో 32 ఫ్రేముల దూకుడు అంటే 64 పిక్సెల్స్, అంటే 8 గడులు. దిగి మళ్లీ ఎగరడానికి ఇంకో 4 కలిపి కనీసం 12 ఉంచండి, దాని మీద 0 నుంచి 7 దాకా ర్యాండమ్ కలపండి. సిడ్ అనే సౌండ్ చిప్‌లో మూడో వాయిస్‌ని నాయిస్‌లో పెట్టి 54299 చదివితే ర్యాండమ్ నంబర్ ఉచితం. వేగం 3 అయితే దూకుడే 12 గడులు తింటుంది, కాబట్టి కనీస దూరం కూడా వేగంతోపాటు పెరగాలి. చాలామంది వేగం పెంచి దీన్ని వదిలేస్తారు, అప్పుడు దాటడం అసాధ్యమైన చోట్లు వచ్చేస్తాయి.

స్ప్రైట్ దేన్నైనా గుద్దుకుంటే (కొలిజన్) 53279 రిజిస్టర్ చెబుతుంది, కానీ స్ప్రైట్ నేలకి తగిలినా చెబుతుంది. మల్టీకలర్ మోడ్‌లో ఒక్కో చుక్క రంగుని రెండు బిట్ల జంట చెబుతుంది, వాటిలో 01 జంట కొలిజన్‌లో లెక్కకి రాదు, కాబట్టి నేలని 01తో, అడ్డంకుల్ని 10 లేదా 11తో గీయండి. చదవగానే ఆ రిజిస్టర్ చెరిగిపోతుంది, ఫ్రేమ్‌కి ఒక్కసారే చదివి దాచుకోండి.

వేగాన్ని రెండు బైట్లలో, పూర్ణాంకం ఒకటి భిన్నం ఒకటిగా పెట్టుకుంటే మెల్లగా పెంచుకోవచ్చు, 4 దగ్గర ఆపేయండి. పాల్‌లో సెకనుకి 50 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) 60, ఒకే కోడ్ రెండో దాంట్లో వేగంగా నడుస్తుంది కాబట్టి రెండిట్లోనూ ఆడి చూశాకే బయటపెట్టండి.