టెస్టు ఇన్నింగ్స్ చదవడం, ఆరో పాఠం: డాట్ బాల్ అంటే ఓపిక అని ఎవరు చెప్పారు?

ఈ పాఠంలో సెషన్ల లెక్క మొదలుపెట్టాల్సింది. అయిదో పాఠానికి మీరు పంపిన నోటుబుక్కులు చూశాక దాన్ని వాయిదా వేశాను.

అడిగింది చిన్న పనే. కొన్ని ఇన్నింగ్స్ ఇచ్చి ఏది దూకుడో ఏది ఓపికో తేల్చమన్నాను. ఎక్కువమంది స్ట్రైక్ రేటు లెక్కేసి, అంటే పరుగుల్ని బంతులతో భాగించి వందతో హెచ్చించి, యాభై దాటితే దూకుడు, లేకపోతే ఓపిక అని రాసేశారు. పోనీ ఆ భాగహారం మీదైనా నిలబడ్డారా అంటే అదీ లేదు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 పరుగులకు 452 బంతులు ఆడాడు, స్ట్రైక్ రేటు 62. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి 114 పరుగులకు 189 బంతులు ఆడాడు, స్ట్రైక్ రేటు 60. మీలో సగం మంది లక్ష్మణ్ ఎదురుగా ‘ఓపిక’ అని, నితీశ్ ఎదురుగా ‘దూకుడు’ అని రాశారు. లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి నాలుగో రోజంతా వికెట్ పడనివ్వలేదు కాబట్టి అది ఓపిక. విశాఖ కుర్రాడికి ఐపీఎల్‌లో సిక్సర్ల పేరుంది కాబట్టి ఇది దూకుడు. మీరు చదివింది ఆటగాడి పేరు, ఇన్నింగ్స్ పక్కనే ఉండిపోయింది.

మన కాకినాడ హనుమ విహారి దగ్గర ఇంకా పెద్ద పొరపాటు. 2021 జనవరి, సిడ్నీ, అయిదో రోజు: 161 బంతుల్లో 23 నాటౌట్. స్ట్రైక్ రేటు 14. అందరూ కళ్లు మూసుకుని ‘ఓపిక’ అని రాశారు. ఓపికే, కాదనను. కానీ ఆ 14లో అతను ఎంచుకున్నది ఎంత, ఒళ్లు సహకరించక వచ్చింది ఎంత? క్రీజులోకి వచ్చిన కాసేపటికే తొడ కండరం పట్టేసింది. పరుగెత్తలేడు. మామూలుగా సింగిల్ తీసే బంతులు కూడా డాట్లయ్యాయి, అంటే పరుగు రాని బంతులయ్యాయి. స్ట్రైక్ రేటుకు తొడనొప్పి సంగతి తెలియదు. మీ నోటుబుక్కుకు తెలియాలి.

కాబట్టి ఇకమీదట స్ట్రైక్ రేటు పేజీ అడుగున, పెన్సిల్‌తో, చివర్లో. ముందు రాయాల్సింది డాట్ల రకం.

స్కోరుబుక్కులో చుక్క ఒకటే. మన నోటుబుక్కులో నాలుగు గుర్తులు పెట్టుకుందాం:

వ: వదిలేశాడు. బ్యాట్ ఎత్తి బంతిని కీపర్‌కు పోనిచ్చాడు.
అ: అడ్డుకున్నాడు. బంతి కాళ్ల దగ్గరే చచ్చిపడింది.
ఫ: ఫీల్డర్ చేతికి కొట్టాడు. కొట్టాలనే కొట్టాడు, పరుగు రాలేదు.
త: తప్పాడు. అంచుకు తగిలింది, లేదా బ్యాట్ పక్క నుంచి పోయింది, లేదా ప్యాడ్‌కు తగిలి అప్పీలు లేచింది.

పరుగులొస్తే అంకె వేయండి. తగలాల్సిన చోట తగలకుండా వచ్చిన పరుగైతే అంకె చుట్టూ సున్నా చుట్టండి. క్యాచ్ జారిపోతే ఎర్ర పెన్ను. ఆ సిడ్నీ అయిదో రోజున ఆస్ట్రేలియా కీపర్ పెయిన్ మూడు క్యాచ్‌లు వదిలేశాడు, రెండు పంత్‌వి, ఒకటి విహారిది. బాదిన పంత్‌కీ అదృష్టం కావాల్సి వచ్చింది, నిలబడ్డ విహారికీ వచ్చింది. ఎర్ర గుర్తు లేకుండా ఎవరి మీదా తీర్పు రాయకండి.

‘వ’లు, ‘అ’లు ఎక్కువున్న డాట్లు ఓపిక. ‘ఫ’లు ఎక్కువుంటే అది దూకుడే, ఫీల్డింగ్ బాగుండి పరుగులు రాలేదంతే. ‘త’లు ఎక్కువుంటే అది ఓపికా కాదు, దూకుడూ కాదు, ఇబ్బంది. టీవీలో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి, మూడింటినీ కలిపి జిడ్డు ఆట అనేస్తారు. (నేను సౌండు తీసేసి చూస్తాను. మీ ఇష్టం.)

ఇక ప్యాడ్ గొడవ. ‘వ’ అని మీరు పెట్టిన గుర్తుల్లో చాలావాటిని చెరిపేయాల్సి వచ్చింది. స్పిన్నర్ వేసిన బంతిని బ్యాటర్ ముందుకాలు చాపి ప్యాడ్‌తో ఆపాడు, బ్యాట్ ప్యాడ్ వెనక దాగి ఉంది. దాన్ని ‘వదిలేశాడు’ అని రాశారు. వదిలేయడమంటే బంతి తనను గానీ వికెట్లను గానీ తాకదని తెలిసి పోనివ్వడం. ప్యాడ్ అడ్డం పెట్టడం వేరు, దాని లెక్క వేరు, ప్రమాదమూ వేరు.

వికెట్లకు వెళ్లే బంతిని ప్యాడ్‌తో ఆపితే ఔటిచ్చే ఎల్బీడబ్ల్యూ నిబంధన ఇలా ఉంటుంది. బంతి లెగ్ స్టంప్ బయట పడితే ఔట్ లేదు, అక్కడితో సరి. మిగతా చోట్ల పడి, ప్యాడ్‌కు ఆఫ్ స్టంప్ బయట తగిలితే, బ్యాటర్ నిజంగా ఆడబోయాడా లేదా అన్నది ముఖ్యం. ఆడబోతే ఔట్ లేదు. ఆడే ప్రయత్నమే లేకపోతే, బయట తగిలినా సరే, బంతి వికెట్లకు వెళ్లేదని తేలితే ఔట్. వికెట్లకు ఎదురుగా తగిలితే ఆడబోయినా ఆడకపోయినా ఔటే. ఒకప్పుడు ముందుకాలు బాగా చాపితే, అంత దూరం నుంచి బంతి ఎటు పోయేదో చెప్పలేమని అంపైర్లు వేలెత్తేవాళ్లు కాదు. అంపైర్ తీర్పును వీడియోతో సమీక్షించే డీఆర్‌ఎస్ వచ్చాక ఆ దూరం లెక్కలోకి వస్తోంది. బ్యాట్‌ను ప్యాడ్ వెనక దాచుకునే ఓపిక అక్కడితో పోయింది. ఈనాటి బ్యాటర్ స్పిన్‌కు ఎదురుగా బ్యాట్‌ను ప్యాడ్‌కు ముందు పెడుతున్నాడంటే దానికి కారణం దూకుడు కాదు, భయం. అందుకని ప్యాడ్‌తో ఆపిన బంతికి ‘అ’ వేయండి, అప్పీలు లేస్తే ‘త’. ‘వ’ మాత్రం ఎప్పటికీ వేయకండి.

అసలైన ‘వ’ కూడా రెండు రకాలు. లైన్ చూసి వదిలేసేది: బంతి ఆఫ్ స్టంప్‌కు ఎడంగా పోతోంది. లెంగ్త్, అంటే బంతి పిచ్ మీద ఎంత దూరంలో పడిందో చూసి వదిలేసేది: బంతి స్టంప్స్ మీదికే వస్తోంది, కానీ పైనుంచి పోతుందని తెలుసు. స్టంప్స్ ఎత్తు 71 సెంటీమీటర్లు. బౌన్స్ ఉన్న పెర్త్‌లో మంచి లెంగ్త్ బంతి కూడా దాని పైనుంచి పోతుంది. అదే బంతిని ఉప్పల్‌లో వదిలేస్తే బెయిల్స్ లేస్తాయి. అందుకే ఆస్ట్రేలియాలో ‘వ’లు ఎక్కువ, మన దగ్గర ‘అ’లు ఎక్కువ. ‘వ’లు తక్కువున్నాయని మన పిచ్‌ల మీద ఆడినవాడికి ఓపిక లేదనకండి.

గుర్తులు వచ్చాయి. వాటితో ఏం చూడాలి? ఓపికకు ఒక పని ఉంటుంది, దూకుడుకు ఒక పని ఉంటుంది. ఆ పని జరిగిందా లేదా అన్నదే ప్రశ్న.

ఓపిక పని బౌలర్‌ను, బంతిని పాతబరచడం. 2021 బ్రిస్బేన్ అయిదో రోజున పుజారా 211 బంతులు ఆడి 56 చేశాడు. ఒంటికి ఎన్ని దెబ్బలు తగిలాయో లెక్కలేదు. కమిన్స్, హేజిల్‌వుడ్, స్టార్క్, లియాన్, ఈ నలుగురు ఆస్ట్రేలియా బౌలర్లూ ఆ సిరీస్‌లో నాలుగు టెస్టులూ ఆడినవాళ్లే. ఎనభై ఓవర్లయ్యాక రెండో కొత్త బంతి వచ్చింది, పుజారా వెంటనే ఔటయ్యాడు. అప్పటికి అతని పని అయిపోయింది. పంత్ 138 బంతుల్లో 89 నాటౌట్‌తో 328 లక్ష్యాన్ని ముగించింది ఆ అలిసిన చేతుల మీదే.

దూకుడు పని ఫీల్డును మార్చడం. దీనికి 2024 జనవరిలో మన ఉప్పల్‌లో ఆడిన టెస్టును మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 190 వెనకబడింది. పోప్ రెండో ఇన్నింగ్స్‌లో 278 బంతుల్లో 196 చేశాడు. సిక్సర్లు ఎన్ని అని వెతక్కండి. రివర్స్ స్వీప్ చూడండి, అంటే బ్యాట్‌ను తిప్పి స్వీప్‌ను అవతలి వైపుకు కొట్టడం. అశ్విన్‌కో జడేజాకో స్లిప్, షార్ట్ లెగ్ పెట్టి, చుట్టూ మనుషుల్ని దగ్గరికి తెచ్చి వేయించాలి. పోప్ బంతిని పాయింట్ వెనక్కి తిప్పేస్తుంటే అక్కడ కాపలాకు మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడు? దగ్గర నిలబడ్డవాళ్లలోంచే. దగ్గర మనిషి తగ్గగానే, మామూలు డిఫెన్స్‌లో గాల్లోకి లేచిన బంతికి క్యాచ్ లేదు. దూకుడు ఓపికకు చోటిచ్చింది. అవతలి చివర ఫోక్స్ ఆ చోటులోనే నిలబడ్డాడు, ఆరో వికెట్‌కు 112 వచ్చాయి. పోప్ 110 దగ్గర ఉన్నప్పుడు అక్షర్ క్యాచ్ జారవిడిచాడు, ఎర్ర పెన్ను. చివరికి భారత్ 28 పరుగులతో ఓడింది.

దానికి పక్కనే రాజ్‌కోట్ పెట్టుకోండి. అదే సిరీస్, మూడో టెస్టు, మూడో రోజు ఉదయం. ఇంగ్లండ్ హాయిగా సాగుతోంది. బుమ్రా బంతిని రూట్ రివర్స్ స్కూప్ చేయబోయాడు, రెండో స్లిప్‌లో జైస్వాల్ పట్టేశాడు. 224కు మూడో వికెట్. 319కి అందరూ ఔట్. షాట్ పోప్‌ది లాంటిదే కదా అంటారు. కాదు. పోప్ షాట్ క్యాచ్ పట్టే మనిషిని దూరం పంపింది. రూట్ షాట్ ఆ మనిషి ఇంకా అక్కడే ఉండగా అతని చేతికే వెళ్లింది. పోప్ కూడా 196 దగ్గర బుమ్రాకు రివర్స్‌లోనే ఆడబోయి బౌల్డయ్యాడు, అది వేరే సంగతి. అప్పటికి మ్యాచ్ తిరిగిపోయింది.

అభ్యాసం. ఈసారి నితీశ్ మెల్‌బోర్న్ ఇన్నింగ్స్. 189 బంతులూ. హైలైట్స్ పనికిరావు, వాటిలో ‘వ’లు కోసేస్తారు. మొత్తం వీడియో దొరక్కపోతే బంతి బంతికీ రాసిన కామెంటరీ చదువుతూ గుర్తులు వేయండి, నేనైతే అదే చేస్తాను, పని సగమవుతుంది. 30 బంతులకు ఒక గీత కొట్టండి. నితీశ్ వచ్చేసరికి 191కి 6. కాసేపట్లో 221కి 7, ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకా 54 కావాలి. వాషింగ్టన్ సుందర్ వచ్చి 162 బంతుల్లో 50 చేశాడు, ఫోర్ ఒక్కటే. 127 పరుగుల భాగస్వామ్యం. సుందర్ కాలమ్ పక్కనే విడిగా వేయండి.

పంపాల్సినవి మూడు. ఒకటి, ఫాలోఆన్ తప్పే 275 దాటకముందు, దాటాక నితీశ్ ‘ఫ’ల లెక్క. రెండు, లియాన్ బౌలింగ్‌లో దగ్గరి ఫీల్డర్ ఏ ఓవర్‌లో వెనక్కి పోయాడు, దానికి ముందు రెండు ఓవర్లలో ఏం జరిగింది. మూడు, బుమ్రా ఔటై సిరాజ్ వచ్చి కమిన్స్‌వి మూడు బంతులు కాచుకున్నాడు చూడండి, ఆ మూడింటికీ మీరు వేసిన గుర్తులు. నితీశ్ అప్పటికి 99. ఆ మూడు బంతులకూ వేసింది ‘అ’నో ‘త’నో ఖాయం చేసుకున్నాకే పంపండి.