పెరటి తలుపు భద్రత: తాళం గట్టిదే, అది పట్టుకున్న చోటే వదులు

దొంగ పడ్డాడనో, పక్కింట్లో పడ్డాడనో కబురు రాగానే జనం మొదట కొనేది తాళం. అది వీధి తలుపుకి. ఆ తలుపు టేకుది, దాని ముందే వీధి దీపం, ఎదురింటి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. దొంగకి అక్కడ పనేముంది? అతను వచ్చేది పక్కసందులోంచి పెరట్లోకి. ఇండిపెండెంట్ ఇళ్ల వెనకవైపు తలుపులు, కిటికీలు, కెమెరాలు బాగుచేస్తూ మళ్లీ మళ్లీ చూసే లోపాలు ఇవి. కింద చెప్పిన పనులేవీ వీధిలోంచి కనబడవు. కనబడకూడదు కూడా. గోడ మీద గాజుపెంకులు, గేటుకి మూడు తాళాలు చూస్తే లోపల ఏదో ఉందనే అర్థం.

ఏ పనీ మొదలుపెట్టకముందు పెరట్లోకి వెళ్లి ఒక్కటి చూడండి. గునపం ఎక్కడుంది? నిచ్చెన ఎక్కడుంది? చాలా ఇళ్లలో గునపం కొబ్బరిచెట్టుకి ఆనించి ఉంటుంది, నిచ్చెన గోడవారగా పడుకుని ఉంటుంది. బట్టలుతికే బండ ప్రహరీకి ఆనుకుని మెట్టులా ఉంటుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు పిట్టగోడ కింద పేర్చి ఉంటాయి. తలుపు పగలగొట్టడానికి కావలసిన సామానంతా మనమే సమకూర్చి, తలుపు బలంగా లేదని బాధపడితే లాభం లేదు. గునపం, పార లోపల పెట్టండి. నిచ్చెనను గొలుసుతో కిటికీ చువ్వకి కట్టి తాళం వేయండి. ఇది చేయకుండా మిగతాది చదవకండి.

సమస్య: గడియ వేసినా పెరటి తలుపు కదులుతోంది

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నన్ను ఎక్కువగా ముప్పుతిప్పలు పెట్టిందీ ఇదే. తలుపు చూస్తే బాగానే ఉంటుంది, గడియ కొత్తది. కానీ బయటనుంచి భుజంతో గట్టిగా నెడితే తెరుచుకుంటుంది. గడియ వంగదు, విరగదు, జారి బయటికి వస్తుంది. ఇంటివాళ్లు గడియ వేయడం మరిచిపోయామనుకుని ఒకరినొకరు తిట్టుకుంటారు.

కారణం వానాకాలంలో మొదలవుతుంది. పెరటి తలుపు చాలాచోట్ల పలకలు నిలువుగా చేర్చి, వెనక అడ్డపట్టీలు కొట్టిన తలుపు. పక్కనే గిన్నెలు తోమే చోటు, కుళాయి. పైన సన్‌షేడ్ ఉన్నా జల్లు కొడుతుంది. శ్రావణం వచ్చేసరికి చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తలుపు పడదు, పడితే రాదు. వడ్రంగిని పిలుస్తారు, అతను చిత్రిక పట్టి అంచు చెక్కేస్తాడు. తలుపు హాయిగా పడుతుంది, ఆ సంగతి అందరూ మరిచిపోతారు.

ఎండాకాలం వచ్చేసరికి అదే చెక్క ఆరి కుంచించుకుపోతుంది. చెక్క నారకి అడ్డంగానే ఎక్కువ ముడుచుకుంటుంది, పొడవులో దాదాపు ముడుచుకోదు. అంటే నిలువు పలకల తలుపు ఎత్తు తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. వానల్లో చెక్కేసిన సందు, ఎండకి ముడుచుకున్న సందు రెండూ కలుస్తాయి. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య చిటికెన వేలు పట్టే ఖాళీ వస్తుంది. అడ్డంగా జరిగే గడియ ఆ ఖాళీ దాటి, గుమ్మానికున్న రంధ్రంలోకి కొనమాత్రమే వెళ్తుంది. లోపలనుంచి చూస్తే గడియ వేసినట్టే ఉంటుంది. సరిగ్గా పిల్లలకి సెలవులిచ్చి ఊళ్లకి వెళ్లే రోజుల్లో, మేడ మీద పక్కలేసుకుని పడుకునే రోజుల్లో తలుపు ఇలా ఉంటుంది. వానాకాలంలో పరీక్షిస్తే ఈ లోపం దొరకదు. అందుకే చాలామంది ‘మా తలుపు గట్టిదేనండీ’ అంటారు. ఆ రోజుకి అది నిజమే.

పరీక్ష సులువు. తలుపు తీసి ఉంచి గడియ పూర్తిగా బయటికి జరపండి. తలుపు అంచు దాటి ఎంత పొడుచుకొచ్చిందో స్కేలుతో కొలవండి. తర్వాత తలుపు మూసి, గడియ ఉన్న ఎత్తులోనే తలుపుకీ ద్వారబంధానికీ మధ్య ఖాళీ కొలవండి. మొదటి కొలతలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే మీ గడియకున్న అసలు పట్టు. 20 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చి, ఖాళీ 9 ఉంటే మిగిలింది 11. అది చాలదు, కనీసం 20 ఉండాలి. రంధ్రంలోకి పెన్సిల్ పెట్టి లోతూ చూడండి. రంధ్రం సగంలోనే ఆగిపోతే గడియ ఎంత పొడుగైనా ఉపయోగం లేదు. ఇవన్నీ ఏప్రిల్, మే నెలల్లో చూడండి, ఖాళీ బాగా పెరిగేది అప్పుడే.

కింద నేలలోకి దిగే గడియ ఉంటే దాని గుంటలో వేలు పెట్టండి. ఇల్లు కడిగిన ప్రతిసారీ మట్టి, ఇసుక అందులోకి చేరి గట్టిపడతాయి. గడియ కిందికి దిగినట్టే అనిపిస్తుంది గానీ మట్టి మీద కూర్చుంటుంది. పాత స్క్రూడ్రైవర్‌తో గీకి, నీళ్లు పోసి కడిగితే అయిపోయే పని. ఎంతమందికి చెప్పినా చేయరు.

ఇక సరిచేయడం. తలుపు అంచుకి అదే కలపతో పట్టీ జిగురు పెట్టి, మేకులు కొట్టి అతికించి ఖాళీ తగ్గించవచ్చు. కానీ వచ్చే వానల్లో మళ్లీ ఉబ్బుతుంది, మళ్లీ చెక్కమంటారు. అందుకని ముందు ఉబ్బడం తగ్గించాలి. తలుపుని గుమ్మంలోంచి దించి కింది అంచు, పై అంచు చూడండి. రంగు వేసి ఉండదు. ముందూ వెనకా మూడు కోట్లు వేసిన పెయింటరు కింది అంచు వదిలేస్తాడు, నీళ్లు పీల్చేది అక్కడే. తలుపు ఎండిన కాలంలో ఆ రెండు అంచులకీ ప్రైమరు, పైన రెండు కోట్లు ఎనామిల్ వేయించండి. వానల్లో తలుపు కొద్దిగా పట్టేస్తే చిత్రిక జోలికి పోకుండా అంచుకి కొవ్వొత్తి రుద్దండి. ఆ నెల గడిచిపోతుంది.

గడియల విషయంలో అడ్డగడియ మీదే ఆధారపడకుండా పైన ఒకటి, కింద ఒకటి నిలువు గడియలు పెట్టించండి. తలుపు ఎత్తు మారదు కాబట్టి వాటి పట్టు ఏడాదంతా ఒకేలా ఉంటుంది. గడియతో డబ్బాలో వచ్చే స్క్రూలు అరంగుళానివి, ముప్పావు అంగుళానివి. వాటిని అక్కడే పారేయండి. గడియ వెళ్లి దూరే ఇనుప ముక్కకి అంగుళంన్నర, ద్వారబంధం మందం ఒప్పుకుంటే రెండు అంగుళాల స్క్రూలు వేయాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే తన్నినప్పుడు దెబ్బంతా పడేది ఆ ముక్క మీదే. గడియ ఎంత లావుగా ఉన్నా, అరంగుళం స్క్రూ చెక్కతో సహా ఊడి వస్తుంది. పాత రంధ్రాలు అరిగిపోయి ఉంటే అగ్గిపుల్లలు కుక్కి మళ్లీ బిగిస్తుంటారు. అలా వద్దు. కొంచెం పైన గట్టి చెక్కలో కొత్త రంధ్రం వేయండి.

ద్వారబంధం కింద జానెడు ఎత్తు వరకు పొడిచి చూడండి. స్క్రూడ్రైవర్ కొన సులువుగా దిగితే చెదలో, కుళ్లో పట్టినట్టే. పైన రంగు నిగనిగలాడుతుంది, లోపల డొల్ల. అప్పుడు స్క్రూలు మార్చి లాభం లేదు, ఆ కాలు ముక్క కోసి కొత్తది వేయాల్సిందే.

వీటన్నిటికన్నా మంచి ఉపాయం మన పాత ఇళ్లలోనే ఉంది. తలుపుకి అడ్డంగా ఈ గోడనుంచి ఆ గోడకి వేసే అడ్డకర్ర. ఇప్పుడు కర్ర బదులు అంగుళం చదరపు ఇనుప పైపు చాలు. తలుపుకి రెండు పక్కలా గోడకి యు ఆకారపు కొక్కేలు 10 ఎంఎం ఆంకర్ బోల్టులతో బిగించాలి. బోల్టు ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి కనీసం రెండు అంగుళాలు దిగాలి. రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడితే ఊడుతుంది, రంధ్రం వేసేటప్పుడు ఎర్రపొడి వస్తోందో బూడిదరంగు పొడి వస్తోందో చూస్తే తెలిసిపోతుంది. దీంతో భారం గడియ మీదా, ద్వారబంధం మీదా కాక గోడ మీద పడుతుంది. తలుపు లోపలికి తెరుచుకునేదైతేనే ఇది పనిచేస్తుంది. బయటనుంచి ఏమీ కనిపించదు. పైపుకి తాళం మాత్రం వేయకండి. రాత్రి మంటలు లేస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క చేత్తో ఎత్తి బయటపడగలగాలి.

మేడమెట్ల గది తలుపుకీ ఈ పరీక్షలన్నీ చేయండి. పక్క డాబా మూడడుగుల దూరంలో ఉన్న కాలనీల్లో అదే అసలు పెరటి తలుపు. ఎండా వానా నేరుగా పడేదీ, ఇంట్లో అన్నిటికన్నా చవకదీ ఆ తలుపే.

సమస్య: బయట గొళ్లేనికి పెద్ద తాళం ఉన్నా ధైర్యం లేదు

తాళం కప్పని చూడకండి, గొళ్లెం స్క్రూలు చూడండి. తాళం వేశాక కూడా స్క్రూ తలలు బయటికి కనబడుతుంటే ఆ తాళానికి అర్థం లేదు, పది రూపాయల స్క్రూడ్రైవర్ చాలు. స్క్రూలు తీసేసి, తలుపు మందమంతా దాటే బోల్టులు వేయించండి. గుండ్రటి తల బయటికి, నట్టు లోపలికి ఉండాలి.

వీధి తలుపుకైతే బయట వేలాడే తాళమే వద్దు. ఇంట్లో ఎవరూ లేరని అది వీధంతటికీ చెబుతుంది. తలుపులోనే ఇమిడిపోయే లాక్ పెట్టించుకుంటే లోపల ఉన్నారో లేదో తెలియదు. గేటు తాళం కూడా లోపలివైపు తిరిగేలా వేయండి.

సమస్య: కెమెరా ఉంది, అవసరమైనప్పుడు ఏమీ దొరకలేదు

ఫోన్‌లో లైవ్ కనబడుతోంది కదా అని సంతోషపడకండి. లైవ్ వేరు, రికార్డింగ్ వేరు. హార్డ్ డిస్క్ పోయినా లైవ్ వస్తూనే ఉంటుంది. ఈ రాత్రే డీవీఆర్‌లో, అంటే కెమెరా రికార్డింగులు దాచే పెట్టెలో, నిన్న తెల్లవారుజామున 3 గంటల రికార్డింగ్ తీసి చూడండి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో కూడా.

రాత్రి బొమ్మంతా పాలపొగలా తెల్లగా ఉంటే నూటికి తొంభై పాళ్లు సాలెగూడే. కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. గూడు మీద పడిన వెలుగు తిరిగి లెన్స్‌లో పడుతుంది. దులిపితే చాలు. దులిపినా తెల్లగానే ఉంటే పక్కనున్న సున్నం గోడో, సన్‌షేడ్ అడుగో వెలుగును వెనక్కి కొడుతోంది. కెమెరాను దానికి దూరంగా ముందుకు జరపండి. ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు సరిపోతుంది. పన్నెండు అడుగుల్లో పెడితే నడినెత్తి తప్ప ముఖం పడదు.

మీటరు, మెయిన్ స్విచ్ మన ఇళ్లలో వరండాలోనే ఉంటాయి. దాన్ని కిందికి లాగితే కెమెరా, వైఫై రెండూ ఆగిపోతాయి. డీవీఆర్‌నీ, రూటర్‌నీ ఇన్వర్టర్ లైనుకి మార్చండి. డీవీఆర్ టీవీ పక్కన ఉంటే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. గాలి ఆడే అటక మీద, చీరల పెట్టెల వెనక పెట్టండి.

సమస్య: తలుపులు భద్రమే, కిటికీల సంగతి తెలియదు

బాత్రూమ్ వెంటిలేటర్ గాజుపలకలు చూడండి. బయటనుంచి అల్యూమినియం క్లిప్పు వంచి ఒక్కో పలకా లాగేయవచ్చు. లోపలివైపు ఇనుప గ్రిల్ పెట్టి, అది కిటికీ చెక్కకి కాక గోడకే బిగించాలి. జరిపే అల్యూమినియం కిటికీ రెక్కను కొద్దిగా పైకెత్తితే పట్టాలోంచి ఊడి వస్తుంది. పై పట్టాలో రెండు చిన్న స్క్రూలు తల కిందికి పొడుచుకుని ఉండేలా వేస్తే రెక్క పైకి లేవదు. గ్రిల్ స్క్రూలు బయటివైపు ఉంటే వాటి తలల మీది గాడులు ఎపాక్సీ జిగురుతో పూడ్చండి. అన్ని కిటికీలకీ గ్రిల్స్ ఉన్న ఇంట్లో లోపలనుంచి తెరుచుకునేది ఒక్కటైనా ఉండాలి. దాని తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకి కూడా తెలియాలి.

ప్రహరీ తక్కువ ఎత్తుందని బాధపడేవాళ్లు గోడ వెంబడి వాక్కాయ మొక్కలు వేయండి. ముళ్లుంటాయి, పచ్చడికి కాయలూ వస్తాయి. కాగితంపూల తీగ కూడా మంచిదే. కిటికీల కింద కంకర పరిస్తే అడుగు వేస్తే చప్పుడవుతుంది. గోడకి కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా చుట్టకండి. పాలబ్బాయి పోవచ్చు, బంతి కోసం ఎక్కిన పిల్లవాడు పోవచ్చు, కేసు మీ మీదే.

తాళం నకిలీ చెవి, స్మార్ట్ లాక్ హ్యాకింగ్, కిటికీలోంచి మత్తుమందు చల్లడం లాంటివాటి గురించి చాలామంది అడుగుతారు. పెరటి తలుపు భుజంతో నెడితే తెరుచుకుంటుంటే అంత శ్రమ ఎవరూ పడరు. వాటి కోసం టెన్షన్ పడకండి.

ఊరికి వెళ్లేటప్పుడు మాత్రం పొద్దున్నే గేటు ముందు ఏమేం ఉంటాయో ఆలోచించండి. సంక్రాంతి నెలలో వీధంతా ముగ్గులుంటే మీ వాకిలి ఒక్కటే బోడిగా ఉంటే చెప్పకనే చెప్పినట్టు. పనమ్మాయికి డబ్బులిచ్చి రోజూ ఊడ్చి ముగ్గు వేయమనండి. పాలు, పేపరు ఆపించండి. వాట్సాప్ స్టేటస్‌లో గుడి ఫోటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి. పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్తే రాత్రి గస్తీలో ఆ వీధి చూస్తారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల నిఘాకి ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో ప్రత్యేక ఏర్పాటే తెచ్చారు, మీ స్టేషన్‌లో అడగండి. తిరిగొచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లకుండా, దేన్నీ ముట్టుకోకుండా గేటు బయట నిలబడి 112కి ఫోన్ చేయండి.