వరంగల్ నుంచి వెళ్లి అమెరికా సివిల్ విభాగంలో చేరినవారికి

హనుమకొండ, కాజీపేటల నుంచి వెళ్లి ఈ ఆగస్టులో అమెరికాలో సివిల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఎంఎస్‌లో చేరినవారికి ల్యాబ్‌లో మొదట తికమక పెట్టేవి కొలతలే. మన దగ్గర 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మెషీన్లో పగలగొడతాం. అక్కడ సిలిండర్లు పోస్తారు: ఆరంగుళాల వ్యాసం, పన్నెండంగుళాల ఎత్తు, లేదా నాలుగు, ఎనిమిది అంగుళాలు. ఒకే కాంక్రీటుకు సిలిండర్ చూపే బలం క్యూబు బలంలో దాదాపు 80 శాతమే. అంకె తగ్గిందని మిక్స్‌ను అనుమానించకండి. బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) సంగతీ అంతే: మన ప్రమాణంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, అక్కడ 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు. పద్ధతి చూడకుండా రెండు ఫలితాలను పోల్చవద్దు.

అడుగుల లెక్కకు మాత్రం బెదరనక్కర్లేదు. శ్రీరాంసాగర్ గేట్లెత్తినప్పుడు పేపర్లో చదివే క్యూసెక్కే అక్కడి సీఎఫ్ఎస్. సెకనుకు ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ అంటే ఎవరికీ అర్థం కాదు. నిల్వను ఎకరా-అడుగుల్లో చెబుతారు. ఒక టీఎంసీకి దాదాపు 23 వేలు.

ల్యాబ్ పుస్తకంలో పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ, పొట్టి సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూశారో, ఆ పేజీని ఎవరూ నమ్మరు. పాదమంతా కప్పే బూట్లు లేకపోతే లోపలికే రానివ్వరు.

ప్రొఫెసర్ తన పేరుతో పిలవమనేదాకా 'ప్రొఫెసర్' అని ఇంటిపేరు చేర్చి పిలవండి. సందేహం అడిగితే చులకన అవుతామని గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లు మనలో చాలామంది. ప్రొఫెసర్లు ఆఫీస్ అవర్స్ అని విద్యార్థులకు సమయం పెట్టేదే అందుకు, వెళ్లి కూర్చోండి. నేల, పునాదుల సంగతి చూసే జియోటెక్నికల్ బృందంలో పరిచయం చేసుకోమంటే రామప్ప గుడి కింది ఇసుక పునాది గురించి చెప్పండి, పావుగంట మిమ్మల్ని వదలరు.

ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. బయట దుకాణంలో నగదు పని ఉందని మన ఊరి అన్నే పిలిచినా వెళ్లకండి. దొరికితే వీసా హోదా పోతుంది, ఆ అన్న ఫోను ఎత్తడు.

పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సుకు తొలిమెట్టయిన ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్షను బీటెక్ పాఠాలు గుర్తుండగానే రాసేయండి. నమోదులో ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి; తేడా ఉంటే పరీక్ష కేంద్రంలో ఆపేస్తారు.