ఆఫీసులోని మెయిల్ అకౌంట్లన్నీ థండర్‌బర్డ్‌లో ఒకచోట చూసుకోవడం ఎలా

చీమకుర్తిలో ఓ మోస్తరు గ్రానైట్ ఆఫీసుకు మెయిల్ అడ్రసులు నాలుగుకు తగ్గవు. కొనేవాళ్లకు ఇచ్చే కంపెనీ డొమైన్ అడ్రసు ఒకటి, బిల్లులకూ లెక్కలకూ ఇంకొకటి, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ఎప్పుడో ఇచ్చిన యజమాని జీమెయిల్, పాత పరిచయాల కోసం అట్టే పెట్టుకున్న యాహూ. నెల్లూరులో రొయ్యల మేత డీలరుకైనా, ఒంగోలులో ఆడిటర్ ఆఫీసుకైనా ఇదే పరిస్థితి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి పెట్టినా రోజూ చూసేది రెండే. మూడో దాంట్లో బీఎల్ (ఓడలో సరుకు ఎక్కించినందుకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్) డ్రాఫ్టు వచ్చి పడి ఉంటుంది, సరిచూసి తిప్పి పంపాల్సిన టైము దాటాక గాని కంట పడదు.

దీనికి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ సరిపోతుంది. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, అకౌంట్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. విండోస్‌తో వచ్చిన పాత మెయిల్ యాప్‌కు 2024 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది కాబట్టి ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నవాళ్లు మారక తప్పదు. కింద చెప్పేవి 115వ వెర్షన్, ఆ తర్వాతి వాటికి. మెనూల పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ కావచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి. మెయిళ్లన్నీ ఒకే తెర మీద కనపడాలి గాని, ఒకే కుప్పగా కలిసిపోకూడదు. ఏ అకౌంటు మెయిళ్లు ఆ సర్వర్‌లోనే ఉండాలి, ఏ అడ్రసుకు వచ్చిన దానికి ఆ అడ్రసు నుంచే జవాబు వెళ్లాలి. తర్వాత వచ్చే తలనొప్పుల్లో చాలా వరకు ఈ రెంటిలో ఒకటి తప్పడం వల్ల వచ్చేవే.

అకౌంటు చేర్చడం

ముందు సిస్టమ్ తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. పాత సిస్టముల్లో గడియారాన్ని నడిపే చిన్న సీమాస్ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని ప్రోగ్రామ్ మొండికేస్తుంది, గూగుల్ లాగిన్ కూడా కుదరదు. పాస్‌వర్డ్ తప్పేమోనని పదిసార్లు కొట్టి చూసే బదులు ముందు గడియారం చూడటం మేలు.

మూడు గీతల మెనూలో ‘న్యూ అకౌంట్’లోకి వెళ్లి పేరు, మెయిల్ అడ్రసు ఇవ్వండి. జీమెయిల్, యాహూ, ఔట్‌లుక్ లాంటి వాటి సర్వర్ వివరాలు థండర్‌బర్డ్ తనే వెతికి పట్టుకుంటుంది. ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూపేది), పాప్ (సిస్టమ్‌లోకి దించుకునేది) అని రెండు దారులు చూపితే ఐమ్యాప్ ఎంచుకోండి. ఆపైన ఆ కంపెనీ లాగిన్ పేజీ చిన్న కిటికీలో తెరుచుకుంటుంది; పాస్‌వర్డ్ అక్కడే ఇవ్వాలి. 2022 మే 30 తర్వాత మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్‌ను నేరుగా మెయిల్ ప్రోగ్రామ్‌లో కొడితే పనిచేయదు. ఔట్‌లుక్ వ్యక్తిగత అకౌంట్లకూ 2024 సెప్టెంబరు 16 నుంచి ఇదే పద్ధతి. ఎప్పుడో పెట్టిన అకౌంటు హఠాత్తుగా పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటే, అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘సర్వర్ సెట్టింగ్స్’ తెరిచి ‘ఆథెంటికేషన్ మెథడ్’ను ‘ఓఆథ్2’కు (పాస్‌వర్డ్‌ను ఆ కంపెనీ లాగిన్ పేజీలోనే ఇచ్చే పద్ధతి) మార్చండి. పంపే సర్వర్‌కు కూడా విడిగా మార్చాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లాగిన్ కిటికీ తెల్లగా ఉండిపోయినా, మళ్లీ మళ్లీ మొదటికే వచ్చినా ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లో కుకీలను అనుమతించారో లేదో చూడాలి.

కంపెనీ డొమైన్ అకౌంట్లకు వివరాలు చేత్తో ఇవ్వాల్సి రావచ్చు. వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్, పోర్టు 993, కనెక్షన్ భద్రతకు ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్. పోయే మెయిల్‌కు ఎస్ఎంటీపీ, పోర్టు 465 అయితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్ఎస్. యూజర్ నేమ్ దగ్గర సాధారణంగా అడ్రసు మొత్తం కొట్టాలి, ముందు భాగం ఒక్కటే ఇస్తే లాగిన్ కాదు. సర్వర్ పేరు హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్ అకౌంటు పక్కన ఉన్నదే తీసుకోండి. అలా కాకుండా ‘మెయిల్’ అని కొట్టి చుక్క పెట్టి మీ డొమైన్ పేరు ఊహించి రాస్తే, కొన్ని హోస్టింగుల్లో సర్టిఫికెట్ వేరే పేరు మీద ఉండి హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను ‘కన్ఫర్మ్’ అని నొక్కి దాటేయకండి. పేరు సరిచేస్తే అదే పోతుంది.

పాప్ ఎందుకు వద్దంటే

పాప్ మెయిల్‌ను సర్వర్ నుంచి సిస్టమ్‌లోకి దించుకుంటుంది. ‘లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్’ టిక్కు లేకపోతే అక్కడ చెరిపేస్తుంది కూడా. ‘ఫర్ ఎట్ మోస్ట్ 14 డేస్’ టిక్కు ఉంటే గడువు తర్వాత సర్వర్‌లో ఉండదు. చీమకుర్తి ఫ్యాక్టరీలో ఒక సిస్టమ్, ఒంగోలు ఆఫీసులో ఒక సిస్టమ్ ఉంటే, ముందు తెరిచిన వాళ్లకు మెయిల్, రెండో వాళ్లకు ఖాళీ ఇన్‌బాక్స్. ఫోన్‌లో చదివింది ఇక్కడ చదవనట్టే ఉంటుంది. పైగా ఆ హార్డ్ డిస్కు పోతే మెయిళ్లు మరెక్కడా ఉండవు. ఐమ్యాప్‌లో మెయిల్ అసలు కాపీ సర్వర్‌లోనే ఉంటుంది, సిస్టమ్‌లో ఉన్నది నకలు.

ఓటీపీల కోసమైనా ఐమ్యాపే కావాలి. జీఎస్టీ పోర్టల్ ఓటీపీ గడువు కొద్ది నిమిషాలు. థండర్‌బర్డ్ మామూలుగా 10 నిమిషాలకోసారి కొత్త మెయిల్ వెతుకుతుంది. ఐమ్యాప్‌లో అయితే ‘అలౌ ఇమ్మీడియట్ సర్వర్ నోటిఫికేషన్స్’ టిక్కు వల్ల ఇన్‌బాక్స్‌లో పడగానే సర్వరే కబురు పెడుతుంది. పాప్‌లో ఆ సౌకర్యం లేదు. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వేసే రోజుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

అన్నీ ఒకే వరసలో

ఎడమ పక్క ఫోల్డర్ల పట్టీ పైన మూడు చుక్కలు నొక్కి, ‘ఫోల్డర్ మోడ్స్’లో ‘యూనిఫైడ్ ఫోల్డర్స్’కు టిక్కు పెట్టండి. అన్ని అకౌంట్ల ఇన్‌బాక్సులూ కలిసి ఒకే ఇన్‌బాక్సుగా పైన కనిపిస్తాయి. ‘ఆల్ ఫోల్డర్స్’ టిక్కు కూడా ఉంచితే కింద దేనికది విడిగా ఉంటుంది. ఇది చూపు మాత్రమే, మెయిళ్లు కదలవు. అందుకే ఇక్కడ డిలీట్ చేస్తే అసలు అకౌంటులోనే పోతుంది, ఇది నకలు కదా అనుకోకూడదు.

కలిపి చూస్తున్నప్పుడు ఏది ఏ అడ్రసుకు వచ్చిందో తెలియాలి. మెయిళ్ల జాబితాను కార్డుల నుంచి ‘టేబుల్ వ్యూ’కు మార్చి, హెడర్ వరసకు కుడి చివర ఉన్న గుర్తు నొక్కి ‘అకౌంట్’ కాలమ్ తెచ్చుకోండి. ఈ కాలమ్ విలువ సౌకర్యంతో ఆగదు. ఎప్పుడూ కంపెనీ అడ్రసుకే రాసే విదేశీ సరఫరాదారు పేరుతో ఒక రోజు యజమాని జీమెయిల్‌కు ‘మా బ్యాంకు అకౌంటు మారింది’ అని మెయిల్ వస్తే, వేరే దారిలో వచ్చిన సంగతి ఈ కాలమ్ చూపిస్తుంది. అలాంటప్పుడు పేరు కాదు, పూర్తి అడ్రసు అక్షరం అక్షరం చదవాలి. సెట్టింగ్స్‌లో, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లకు డిస్‌ప్లే పేరు మాత్రమే చూపించే టిక్కు తీసేస్తే అడ్రసు ఎప్పుడూ కనపడుతుంది. డబ్బు పంపేముందు పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి; ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకండి.

పంపేటప్పుడు తప్పు అడ్రసు వెళ్లకుండా

వచ్చిన మెయిల్‌కు జవాబు రాస్తే, అది ఏ అకౌంటుకు వచ్చిందో ఆ అడ్రసే ‘ఫ్రమ్’లో వస్తుంది. కొత్త మెయిల్ దగ్గరే చిక్కు. ఎక్కువగా బయటికి ఇచ్చే అడ్రసు ఏదో దాన్ని, అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘అకౌంట్ యాక్షన్స్’ నొక్కి ‘సెట్ యాజ్ డిఫాల్ట్’ చేయండి. అయినా పంపేముందు ‘ఫ్రమ్’ వరస మీద ఒక చూపు వేయండి.

దీనికన్నా ముఖ్యం పోయే సర్వర్. అకౌంటు పేరు నొక్కితే కుడి పక్క అడుగున ‘ఔట్‌గోయింగ్ సర్వర్’ అని ఒక పెట్టె ఉంటుంది. ప్రతి అకౌంటుకూ దాని సొంత సర్వరే అందులో ఉండాలి. కంపెనీ అడ్రసుకు పొరపాటున జీమెయిల్ సర్వర్ తగిలించి ఉంటే మెయిల్ వెళుతుంది, ఎర్రరూ రాదు. కానీ ఆ అడ్రసును జీమెయిల్‌లో ముందే నమోదు చేయకపోతే గూగుల్ ‘ఫ్రమ్’ను జీమెయిల్ అడ్రసుగా మార్చి పంపుతుంది. మరో సర్వర్ అయితే మీ డొమైన్ ఎస్పీఎఫ్ రికార్డులో (ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా) దానికి అనుమతి లేదని అవతలి సర్వర్ స్పామ్‌లో వేయొచ్చు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపాం, జవాబే లేదు అనుకుంటూ ఎదురుచూసే వాళ్లు ముందు ఈ పెట్టె చూడాలి. నాలుగు అకౌంట్ల నుంచీ నాలుగు పరీక్ష మెయిళ్లు పంపి, అవతల ‘ఫ్రమ్’ ఏం కనిపించిందో చూసుకుంటే అయిదు నిమిషాల పని.

‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో పంపిన మెయిల్ నకలు అదే అకౌంటు ‘సెంట్’ ఫోల్డర్‌లో పడేలా ఉంచండి. ‘లోకల్ ఫోల్డర్స్’ అని ఉంటే ఆ సిస్టమ్‌లో తప్ప ఫోన్‌లోగానీ పక్క సిస్టమ్‌లోగానీ కనపడదు. జీమెయిల్ తన సర్వర్ నుంచి వెళ్లిన దాన్ని తనే దాచుకుంటుంది కాబట్టి, రెండేసి కనిపిస్తే ఆ ఒక్క అకౌంటుకు ‘ప్లేస్ ఎ కాపీ’ టిక్కు తీసేయండి.

అటాచ్‌మెంట్ల సంగతి. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. మెయిల్‌లో చేరేటప్పుడు ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది కూడా, అందుకే పరిమితి అంచు దాకా వెళ్లే ఫైళ్లు తిరిగి రావచ్చు. ఫోన్‌లో తీసిన స్లాబు ఫోటోలు ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటే నాలుగైదుకే పరిమితి దగ్గరపడుతుంది. సైజు తగ్గించి పెట్టండి, లేదా డ్రైవ్‌లో ఎక్కించి లింకు పంపండి.

జీమెయిల్‌తో ప్రత్యేకంగా వచ్చేవి

జీమెయిల్‌లో ఫోల్డర్లు నిజానికి లేబుళ్లు. ఒకే మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ ‘ఆల్ మెయిల్’లోనూ కనిపిస్తుంది, రెండూ దిగితే డిస్కులో రెట్టింపు చోటు. అకౌంటు మీద కుడి క్లిక్ చేసి ‘సబ్‌స్క్రైబ్’లో ‘ఆల్ మెయిల్’ టిక్కు తీసేస్తే సరి.

ఇక ‘టూ మెనీ సైమల్టేనియస్ కనెక్షన్స్’ అన్న ఎర్రర్. ఒక జీమెయిల్ అకౌంటుకు ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే. థండర్‌బర్డ్ ఒక్కో సిస్టమ్‌లో 5 దాకా తెరుస్తుంది. మూడు సిస్టముల్లో అదే అకౌంటు ఉంటే 15 నిండాయి, పైన ఫోన్లు ఉంటే దాటాయి. ‘సర్వర్ సెట్టింగ్స్’లో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి కనెక్షన్ల సంఖ్యను 2కు తగ్గించండి.

డిస్కు చోటు, కరెంటు కోత, బ్యాకప్

‘సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్’లో ఎన్ని రోజుల మెయిళ్లు సిస్టమ్‌లో ఉంచుకోవాలో చెప్పొచ్చు. ఆరు నెలలవి ఉంచితే కార్తీకం ముసురులో నెట్ పోయినా పాత ఆర్డర్లు తెరిచి చూసుకోవచ్చు. అదే పేజీలో కిందనున్న ‘డిలీట్ మెసేజెస్ మోర్ దాన్’ అన్న దాన్ని మాత్రం ముట్టుకోకండి. అది సిస్టమ్‌లో చోటు ఖాళీ చేయడంతో ఆగదు, సర్వర్‌లోని అసలు మెయిళ్లనూ శాశ్వతంగా తీసేస్తుంది. ఈ ప్రోగ్రామ్ మొత్తంలో ఇంతకు మించిన ప్రమాదకరమైన మీట లేదు.

డిలీట్ చేసినా ఫైలు సైజు వెంటనే తగ్గదు. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ‘కంపాక్ట్’ కొట్టాలి. యూపీఎస్ లేని సిస్టమ్‌లో, కరెంటు ఊగిసలాడే వేళ ఆ పని పెట్టుకోకండి. మధ్యలో ఆగి మెయిళ్ల జాబితా గజిబిజి అయితే, ఫోల్డర్ ‘ప్రాపర్టీస్’లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే జాబితా మళ్లీ కడుతుంది.

పాస్‌వర్డులన్నీ థండర్‌బర్డ్ దాచుకుంటుంది, సిస్టమ్ ముందు కూర్చున్న ఎవరైనా ‘సేవ్డ్ పాస్‌వర్డ్స్’ తెరిచి చదవగలరు. వాటికి తాళంలా పనిచేసే ‘ప్రైమరీ పాస్‌వర్డ్’ పెట్టండి. గుమస్తా మారినప్పుడు దాన్ని మార్చడంతో సరిపెట్టక అసలు అకౌంట్ల పాస్‌వర్డులూ మార్చాలి.

బ్యాకప్‌కు ‘టూల్స్’లో ‘ఎక్స్‌పోర్ట్’ ఉంది, కానీ ప్రొఫైల్ (మెయిళ్లు, సెట్టింగులు అన్నీ ఉండే ఫోల్డర్) 2 జీబీ దాటితే కుదరదు. నాలుగు అకౌంట్ల ఆఫీసులో తొందరగానే దాటుతుంది. అప్పుడు ‘హెల్ప్’లో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి ‘ప్రొఫైల్ ఫోల్డర్’ పక్కనున్న బటన్ నొక్కండి. ఫోల్డర్ తెరుచుకున్నాక థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసి, ఆ ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. ప్రోగ్రామ్ తెరిచి ఉండగా చేసిన కాపీ సగం రాసిన ఫైళ్లతో ఉండొచ్చు, అవసరానికి తెరుచుకోకపోవచ్చు. లోకల్ ఫోల్డర్లు, ఫిల్టర్లు, అడ్రస్ బుక్, సంతకాలు ఈ ప్రొఫైల్‌లోనే ఉంటాయి.

సంతకం తెలుగులో పెట్టుకునేవాళ్లకు ఒక మాట. డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లలో కొట్టించిన పేరు, చిరునామా తెచ్చి అతికిస్తే అవతలివాళ్లకు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అవి అన్ని సిస్టముల్లో ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు, ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లోనే తెలుగులా కనబడతాయి. విండోస్‌లోని తెలుగు కీబోర్డుతో నేరుగా కొట్టి, నిర్మలా యూఐ గాని గౌతమి గాని వాడండి. ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే చదువుకోవచ్చు.