కార్ట్ దిగి ఫార్ములా కారు ఎక్కేవాళ్లకు: సీటు, బ్రేకు, ఒప్పందం

పిల్లల్ని ఫార్ములా రేసింగ్‌లోకి పంపాలనుకునే ఇళ్లలో మొదట లేచే ప్రశ్న "ఎంతవుతుంది?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఆ డబ్బు దేనిమీద పెట్టాలన్నది. ఉన్నదంతా ఊడ్చి ఒక మెట్టు ముందుగానే పెద్ద కారు సీటు కొనేసి, ప్రాక్టీసు రోజులకు పైసా మిగలక ఆగిపోయే కుర్రాళ్లు ఎక్కువ. చిన్న కారులో ఇరవై రోజుల టెస్టింగ్ నేర్పేది, పెద్ద కారులో నాలుగు రేసులు నేర్పవు. ఈ గైడ్ మొత్తం ఆ లెక్క మీదే నడుస్తుంది.

దారి ఎలా ఉంటుంది

మన దగ్గర మామూలు వరస ఇది: అద్దె కార్టులు (చిన్న రేసు బండ్లు), తర్వాత రోటాక్స్ మ్యాక్స్ ఇంజిన్ల తరగతుల పోటీ కార్టింగ్, ఆపైన ఎల్‌జీబీ ఫార్ములా 4 లేదా ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ గుర్తించిన ఫార్ములా 4 (ఎఫ్4). ఎల్‌జీబీ కారులో ఉండేది 1.3 లీటర్ల మారుతి స్విఫ్ట్ ఇంజిను. గేర్లు చేత్తో వేయాలి, క్లచ్ కాలితో తొక్కాలి. 2023లో మొదలైన ఇండియన్ ఎఫ్4లో మైగేల్ కార్లు వాడుతున్నారు. వాటిలో గేర్లు స్టీరింగ్ వెనకున్న పాడిల్స్‌తో మారతాయి. ఎఫ్‌ఐఏ ఎఫ్4కి కనీస వయసు 15. పోటీ లైసెన్సు మన దేశ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇస్తుంది. మెడికల్ సర్టిఫికెట్, పెద్దల అంగీకార పత్రం సీజన్ మొదలయ్యే ముందే సిద్ధం చేసుకోండి. హైదరాబాద్, విజయవాడ పిల్లలకు సర్క్యూట్ అంటే ఎక్కువగా ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, లేదా కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే. స్కూలు రోజులు పోవడం ఖాయం కాబట్టి ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్ సంగతి తొమ్మిదో తరగతిలోనే ఆలోచించడం మంచిది.

పై మెట్ల లెక్క, ఫార్ములా వన్ (ఎఫ్1) నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్సు పాయింట్లది. ఫార్ములా వన్‌కి మూడేళ్లలో 40 పాయింట్లు కావాలి. ఎఫ్4 చాంపియన్‌కి 12, ఎఫ్3 చాంపియన్‌కి 30, ఎఫ్2లో మొదటి ముగ్గురికి తలా 40 వస్తాయి. వీటితోపాటు ఎఫ్1 కారులో 300 కిలోమీటర్లు నడిపి ఉండాలి. అందుకే ఏ చాంపియన్‌షిప్‌లో చేరినా ముందు దాని పాయింట్ల పట్టిక చూడండి. అయితే ఎఫ్1 ఒక్కటే గమ్యం అనుకోకండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు, హైదరాబాద్ ఈ-ప్రి గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, 2014 సీజన్ తర్వాత ఎఫ్1 సీటు పోగొట్టుకున్న మనిషి. ఫార్ములా ఈలో రెండుసార్లు చాంపియన్ అయ్యాడు.

కార్టింగ్‌లో నేర్చుకుని రావాల్సినవి

కార్టుకి డిఫరెన్షియల్ ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త లేవకపోతే కార్టు తిరగనని మొరాయిస్తుంది. ఇది ఒంటికి పట్టిన కుర్రాడికి బరువు ఎటు జరుగుతోందో తెలిసినట్టే. ఇంకో పని, టైరు ప్రెషర్ సొంతంగా చూసుకోవడం. చల్లగా ఉన్నప్పుడు 10 నుంచి 12 పీఎస్‌ఐ మధ్య పెట్టి, సెషన్ అయిన వెంటనే వేడి మీద మళ్లీ కొలిచి, ట్రాక్ ఉష్ణోగ్రతతో సహా నోటుబుక్కులో రాయాలి. మెకానిక్ చేత రాయించకండి. ఏ అంకె పెడితే కార్టు ఎలా మారిందో డ్రైవరుకే గుర్తుండాలి.

సామాన్ల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. కార్టింగ్ సూటు రోడ్డు మీద ఒరుసుకుపోకుండా కాపాడుతుంది గానీ మంటను ఆపదు. స్నెల్ సంస్థ కార్టింగ్‌కి ఇచ్చే 'కె' ముద్ర ఉన్న హెల్మెట్ లోపలి గుడ్డ కూడా అంతే. కారుకి ఎఫ్‌ఐఏ 8856 సూటు, ఎఫ్‌ఐఏ 8859 లేదా 8860 హెల్మెట్, మెడని కాపాడే 8858 హాన్స్ పరికరం విడిగా కొనాల్సిందే. సూటు లోపల నైలాన్ బనియన్, సింథటిక్ సాక్సు వేయకూడదు. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. సెకండ్ హ్యాండ్ సూటు కొనొచ్చు, సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాత్రం వద్దు. అది ఎన్నిసార్లు కిందపడిందో చూసి చెప్పడం కుదరదు.

సీటు పోయడం

కారులో మీ ఒంటి ఆకారానికి ఫోమ్‌తో సీటు అచ్చు పోయడానికి ఒక పూట పూర్తిగా కేటాయించమని జట్టుని అడగండి. టెస్టు రోజు పొద్దున హడావిడిగా పోసిన సీటు సీజనంతా నడుం నొప్పి పెడుతుంది. నడుం నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. వదులు సీటులో మనిషి జారకుండా స్టీరింగ్‌ని పట్టుకుని వేలాడతాడు. చేతులు బిగుసుకున్నాక ముందు టైర్లు ఏం చెబుతున్నాయో చేతులకి అందదు.

పూర్తి డ్రెస్సు వేసుకుని కూర్చోవాలి: సూటు, బూట్లు, హాన్స్, హెల్మెట్. ముందు ఖాళీ టబ్‌లో (డ్రైవరు కూర్చునే కారు డొల్లలో) పెడల్స్ సరిచేయించుకోండి. బ్రేకు చివరిదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. కాలు నిటారుగా సాగిపోతే బలం ఉండదు, గుద్దుకున్నప్పుడు ఎముకకి ప్రమాదం. మడమ వెనక అడ్డు గట్టిగా ఉందో లేదో చూడండి. భుజాలు వెనక్కి ఆనించి, మణికట్లు స్టీరింగ్ పైఅంచు మీదకి అందాలి. అందడానికి భుజం లేస్తే స్టీరింగ్ దూరంగా ఉన్నట్టు.

తర్వాత టబ్‌లో పెద్ద మందపు ప్లాస్టిక్ సంచి పరిచి, రెండు రసాయనాలు కలిపిన ఫోమ్ అందులో పోస్తారు. అది కలిపిన కొన్ని సెకన్లకే పొంగడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. పొంగే ఫోమ్ మనిషిని పైకి నెడుతుంది, అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఒక సెంటీమీటరు లేచినా హెల్మెట్ గాలిలోకి వచ్చి తల ఊగుతుంది, బరువు పైకి పోతుంది. అందుకని మొత్తం ఒకేసారి పోయించుకోకండి. మొదట నడుం కింద, అది గట్టిపడ్డాక పక్కటెముకల దగ్గర, చివర భుజాల వెనక. ఒక్కో విడతలో మెకానిక్ భుజాలు కిందకి నొక్కి పట్టాలి, మీరు తుంటి నేలకి అదిమి కదలకుండా ఉండాలి. ఊపిరి మామూలుగా తీసుకోండి. బిగబట్టి కూర్చుంటే ఛాతీ కొలత తప్పి, నడిపేటప్పుడు పక్కటెముకలు నొక్కుకుపోతాయి.

ఆరాక మెడ వెనక హాన్స్‌కి, పక్కన మోచేతులకి చోటు కోయించండి. మంట అంటని టేపు చుట్టాక, ఆరు పట్టీల బెల్టు బిగించుకుని ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఎక్కడ తిమ్మిరెక్కితే అక్కడ గీత పెట్టి గీయించాలి. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. లేచే ముందు బయటపడటం కూడా సాధన చేయండి: బెల్టు విప్పి, స్టీరింగ్ తీసి, తల చుట్టూ ఉండే రక్షణ చట్రం హేలో మీదుగా బయటికి. ఎఫ్1 నియమం 7 సెకన్లు. ఎఫ్4లో కూడా అదే లక్ష్యం పెట్టుకోండి.

మొదటి టెస్టు, అంటే బ్రేకు

మామూలు కార్టింగ్ తరగతుల్లో బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది. అక్కడ పిల్లలు బ్రేకుని ఒక్క పోటు పొడిచి కార్టు తోక తిప్పుతారు. ఫార్ములా కారులో నాలుగు చక్రాలకీ బ్రేకు, ఎక్కువ భారం ముందు చక్రాలది, తొక్కుడు బలాన్ని పెంచే సర్వో సాయం లేదు. అదే పోటు ఇక్కడ పొడిస్తే ముందు టైరు ఆగిపోయి పొగ లేస్తుంది.

మొదటి రెండు ల్యాపులు టైర్లకి వేడి పట్టించడానికి. ఎఫ్4లో టైర్లని ముందే వేడిచేసే దుప్పట్లు ఉండవు. పాములా అటూ ఇటూ తిప్పితే పైపొర మాత్రమే వేడెక్కుతుంది. గట్టిగా బ్రేకు వేసి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే డిస్కు వేడి రిమ్ములోకి, అక్కడినుంచి టైరులోకి వెళ్తుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క పొడవాటి స్ట్రెయిట్ చివర పని మొదలుపెట్టండి. 100 మీటర్ల బోర్డు దగ్గర బ్రేకు వేయమంటే మీరు 120 దగ్గర వేయండి. చోటు ముందుకి జరపడం ఇప్పుడు ముఖ్యం కాదు, నొక్కుడు ఆకారం ముఖ్యం. ఎడమ కాలితో, 0.3 సెకను లోపు పూర్తి ఒత్తిడికి చేరాలి. ఎన్ని బార్లు (ఒత్తిడి కొలత) అన్నది ఇంజినీరు చెప్తారు. చేరిన మరుక్షణం నుంచి మెల్లగా వదులుతూ రావాలి. ఎందుకంటే రెక్కలు కారుని నేలకి నొక్కే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, అలాగే తగ్గుతుంది. 200 కిలోమీటర్ల దగ్గర ఉన్న నొక్కుడు 100 దగ్గరికి వచ్చేసరికి నాలుగో వంతే. కాలు అంతే గట్టిగా ఉంచితే టైరు తట్టుకోలేక లాక్ అవుతుంది. మలుపులోకి తిప్పేటప్పుడు కాలి కింద కొద్దిపాటి ఒత్తిడి మిగిలి, ఏపెక్స్ (మలుపు లోపలి అంచుకి కారు అతి దగ్గరయ్యే చోటు) చేరేసరికి సున్నా అవ్వాలి.

లాక్ అయ్యేది ఎక్కువగా లోపలి ముందు టైరు, తిప్పేటప్పుడు దాని మీద బరువు తగ్గుతుంది కాబట్టి. ఒకసారి టైరుకి చదును మచ్చ పడితే ఆ సెట్ ఇక స్టీరింగ్ వణికిస్తూనే ఉంటుంది. లాక్ కాగానే చాలామంది బ్రేకు బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం) వెనక్కి తిప్పేస్తారు. ముందు కాలు సరిచేసుకోండి. ఒకే చోట మూడు ల్యాపులు వరసగా, కాలు సరిగా వదులుతున్నా లాక్ అవుతుంటే అప్పుడు బయాస్ ముట్టుకోండి, అది కూడా కొద్దిగా. వెనక్కి ఎక్కువ జరిపితే మలుపు మొదట్లోనే తోక తిరిగిపోతుంది.

పాడిల్స్ ఉన్న ఎఫ్4 కారులో క్లచ్ పనిచేసేది స్టార్టుకే. సెషన్ చివర పిట్ లేన్ బయట స్టార్ట్ సాధన చేయనిస్తే ఒక్కటి కూడా వదులుకోకండి.

డేటా, మాట

కారు చేసేదంతా రికార్డు చేసే లాగర్‌లో పది గీతలుంటాయి. మొదటి నెల మూడే చూడండి: వేగం, బ్రేకు ఒత్తిడి, యాక్సిలరేటర్. తోటి డ్రైవర్ మంచి ల్యాపు మీద మీది పరిచి, అన్నిటికన్నా ఎక్కువ సమయం పోయిన ఒక్క మలుపు ఎంచుకోండి. ఒక సెషన్‌కి ఒక మలుపు చాలు. యాక్సిలరేటర్ వదిలిన క్షణానికీ బ్రేకు మొదలైన క్షణానికీ మధ్య ఖాళీ ఉందేమో ముందు చూడండి. 180 కిలోమీటర్ల వేగంలో 0.1 సెకను ఖాళీ అంటే 5 మీటర్లు ఊరికే పోయినట్టు.

దిగి వచ్చాక "కారు బాగోలేదు" అంటే ఇంజినీరు చేయగలిగింది లేదు. ఏ మలుపు, ఎక్కడ, ఏమైంది అన్న మూడూ చెప్పాలి: "నాలుగో మలుపు, మధ్యలో, ముక్కు బయటికి పోతోంది." "ఏడో మలుపు, బయటికొచ్చేటప్పుడు, తోక జారుతోంది." డేటా చూడకముందే ఇది చెప్పి, తర్వాత గీతతో సరిచూసుకోవాలి. పైస్థాయి జట్లు డ్రైవరులో వెతికే గుణాల్లో ఇది ముందుంటుంది.

ఒళ్లు

కార్టింగ్ నుంచి వచ్చినవాళ్లకి మొదట లొంగేది మెడ. టెస్టుకి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి: అరచేతిని తలకి ఆనించి ముందుకి, వెనక్కి, రెండు పక్కలకీ, ఒక్కో దిక్కున 20 సెకన్లు, మూడుసార్లు, వారానికి మూడు రోజులు. తర్వాత సాగే బ్యాండ్. తలకి బరువులు కట్టి ఊపడం ట్రైనర్ లేకుండా చేయొద్దు. చెన్నై ఎండలో సెషన్ ముందూ వెనకా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరున్నర, ఓఆర్ఎస్ కలిపి, గుక్కగుక్కగా.

సంతకం పెట్టే ముందు

ఒప్పందంలో సీజన్ మొత్తం రుసుము పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది మిగతాది. ఎన్ని టెస్టు రోజులు, ఒక్కో రేసు వారాంతానికి ఎన్ని కొత్త టైరు సెట్లు, ఎంట్రీ ఫీజు లోపలా బయటా, ఇంజినీరు ఒక్కరికేనా లేక ఇద్దరు డ్రైవర్లకి ఒకరా, డేటా ఇంటికి తీసుకెళ్లనిస్తారా. ముఖ్యంగా యాక్సిడెంట్ ఖర్చు. చాలా చోట్ల అది డ్రైవరుదే, తప్పు ఎదుటివాడిదైనా. ఒక ఘటనకి గరిష్ఠ పరిమితి రాయించుకోండి. ముందు రెక్క, విష్‌బోన్ (చక్రాన్ని కారుకి పట్టి ఉంచే కడ్డీ), ఫ్లోర్ ధరల జాబితా జతచేయమనండి. మొత్తం డబ్బులో ఆరో వంతు దీనికని పక్కన పెట్టకుండా సీజన్ మొదలుపెట్టకండి. పక్కన పెట్టిన డబ్బు ఖర్చు కాకపోతే అది చివర్లో రెండు టెస్టు రోజులవుతుంది.

ఈ లెక్కే ట్రాక్ మీద కూడా గుర్తుండాలి. మొదటి ల్యాపులో ఒక స్థానం కోసం రెక్క విరగ్గొట్టుకున్నవాడు ఆ రేసునీ, తర్వాతి టెస్టునీ రెంటినీ పోగొట్టుకుంటాడు. 2005 ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్ల జట్లు తప్పుకుని ఆరు కార్లే మిగిలిన రేసులో, జోర్డాన్ కారుని చివరిదాకా తెచ్చి నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంతో 5 పాయింట్లు తీసుకున్నాడు. భారతీయుడికి ఎఫ్1లో వచ్చిన మొదటి పాయింట్లు అవి.

రేసు అయిన రాత్రే, నిద్రపోకముందు, ఒక పేజీ రాయండి: ప్రతి మలుపులో ఎన్నో గేరు, బ్రేకు ఏ గుర్తు దగ్గర, ప్రెషర్లు, వాన పడితే తడి లైను ఎక్కడ. వచ్చే ఏడాది అదే సర్క్యూట్‌కి వెళ్లేటప్పుడు మొదటి సెషన్ ఆ పేజీతోనే మొదలవుతుంది.