టచ్ ప్యానెల్ వైఫై: ముందు సిగ్నల్ చూడండి, తర్వాతే సెక్యూరిటీ

మీటింగ్ గదుల్లో లైట్లు, ప్రొజెక్టర్లు నడిపే టచ్ ప్యానెళ్లు బిగించడం నా పని. ప్యానెల్ సరిగ్గా కలవడం లేదంటే చాలామంది ముందు పాస్‌వర్డ్ మారుస్తారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: అసలు కలవడమే లేదా, కలిసి మధ్యలో తెగిపోతోందా? మొదటిదైతే ఎక్కువగా సెక్యూరిటీ సెట్టింగులో తేడా. రెండోదైతే దాదాపుగా సిగ్నల్. ఈ రెండూ కలిపి వెతికితే పొద్దు గడిచిపోతుంది, పని తెమలదు.

సిగ్నల్‌ని ప్యానెల్ చివరికి ఎక్కడ ఉంటుందో అక్కడే చూడాలి. టేబుల్ మీద పెట్టి చూసిన అంకె, గోడలో ఇనుప బాక్సులోకి వెళ్లాక మారిపోతుంది. తలుపు వేసి, వీలైతే గదిలో మనుషులు ఉన్నప్పుడు చూడండి. మన ఒంట్లోని నీరు కూడా సిగ్నల్‌ని పీల్చుకుంటుంది కాబట్టి ఖాళీ గదిలో వచ్చిన లెక్క నిండు గదిలో నిలవదు.

ప్యానెల్ సెట్టింగుల్లో వైర్‌లెస్ పేజీ తెరిస్తే గీతలతో పాటు డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే కొలమానం) అంకె కూడా చాలావాటిలో కనిపిస్తుంది. గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. అంకెనే చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 దగ్గరుంటే దిగుల్లేదు. మైనస్ 67 వరకు నేను ఒప్పుకుంటాను. మైనస్ 75 కన్నా తగ్గితే నొక్కిన బటన్ ఆలస్యంగా పలుకుతుంది. అంకెల మధ్య తేడాని డీబీల్లో చెబుతారు. 3 డీబీ తగ్గిందంటే అందే శక్తి సగమైందని అర్థం, అందుకే చిన్న తేడా అని వదిలేయకూడదు.

అంకె బాగుండీ ప్యానెల్ మొరాయిస్తుంటే చుట్టుపక్కల రొద, అంటే సిగ్నల్‌కి అడ్డొచ్చే ఇతర తరంగాలు, ఎంతుందో చూడాలి. సిగ్నల్ మైనస్ 65, రొద మైనస్ 90 అయితే మధ్యలో 25 డీబీ దూరం ఉంది, చాలు. రొద మైనస్ 75కి ఎక్కితే మిగిలేది 10 డీబీయే, దాంతో నెగ్గుకురావడం కష్టం. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నడుస్తుంటే 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదానికి రౌటర్‌ని మార్చండి. ప్యానెల్‌కి 5 గిగాహెర్ట్జ్ ఉండి, యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) అదే గదిలో ఉంటే అటే వెళ్లండి.

ఇక సెక్యూరిటీ. పాత ప్యానెళ్ల మెనూలో వెప్ అనే పాత వైఫై భద్రతా పద్ధతి ఇంకా కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. దాన్ని ఎలా ఛేదించాలో 2001లోనే బయటపడింది. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2 ఎంచుకుని, ఎన్‌క్రిప్షన్ (డేటాని రహస్య సంకేతంగా మార్చే పద్ధతి) దగ్గర ఏఈఎస్ పెట్టండి. అక్కడ పాత పద్ధతి టీకిప్ పెడితే భద్రత తగ్గడమే కాదు, వేగం కూడా 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. ఇంకా కొత్తదైన డబ్ల్యూపీఏ3 రౌటర్, ప్యానెల్ రెండువైపులా ఉంటే ఇంకా మేలు. ప్యానెల్‌కి అది తెలియకపోతే, దానికోసం నెట్‌వర్క్ మొత్తాన్నీ వెనక్కి దించకుండా ప్యానెళ్లకే వేరే నెట్‌వర్క్ పేరు పెట్టించండి.

నెట్‌వర్క్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది. టైప్ చేయకుండా స్కాన్ జాబితాలోంచి ఎంచుకోండి. పాస్‌ఫ్రేజ్ (వైఫై పాస్‌వర్డ్) 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. ప్యానెల్ కీబోర్డు మీద గుర్తులన్నీ వెతుక్కోవడం నరకం, కాబట్టి సంబంధంలేని మాటలు నాలుగైదు కలిపి చిన్న అక్షరాల్లోనే పొడుగ్గా పెట్టుకోండి. చివర్లో ఖాళీ పడిందేమో చూసుకోండి, అది కంటికి కనిపించదు.

ఆఫీసు నెట్‌వర్క్ సర్టిఫికెట్ (గుర్తింపుని రుజువు చేసే డిజిటల్ పత్రం) అడిగే రకమైతే ముందు ప్యానెల్‌లో తేదీ, టైము సరిచేయండి. పాత తేదీలో ఉన్న ప్యానెల్‌కి మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగానే కనిపిస్తుంది.

కనెక్ట్ అయింది, ఐపీ (నెట్‌వర్క్ ఇచ్చే చిరునామా) వచ్చింది, కానీ కంట్రోలర్ (ప్యానెల్ మాట విని లైట్లు, ప్రొజెక్టర్లు నడిపే పెట్టె) దొరకడం లేదా? రౌటర్‌లో క్లయింట్ ఐసొలేషన్ (ఒకే వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడండి. అతిథుల నెట్‌వర్క్‌లో అది సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది.

సెట్టింగుల పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు. గోడమీద అందరికీ అందే తెర అది, ఎవరైనా నొక్కి లోపలికి వెళ్లొచ్చు. చివరగా యాక్సెస్ పాయింట్‌ని ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఎవరూ ముట్టుకోకుండా ప్యానెల్ తనంతట తానే కలిస్తేనే కవరు బిగించండి.