మూతి వంకరపోతే ముందు టైమ్ చూడండి

మా పెదనాయన పొద్దున అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఎడమ మూతి పక్క నుంచి చొక్కా మీదికి కారిపోయింది, ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు. లేచి నడవబోతే ఎడమ చెప్పు అక్కడే ఉండిపోయింది. రాత్రంతా ఫ్యాను కింద పడుకున్నాడు, గాలి సోకుంటదిలే, నూనె రుద్దండి అని ఒకరు, ఫలానా ఊళ్ళో నాటుమందు పోస్తారని ఇంకొకరు. అట్లా మధ్యాహ్నం అయింది. ఉదయగిరి వైపు పల్లెల నుంచి నెల్లూరు చేరాలంటేనే రెండు గంటలు పైమాట. అక్కడ డాక్టరు మొదట అడిగింది, "ఆఖరిసారి బాగున్నది ఎన్నింటికి?" అని. మాలో ఒక్కరం కూడా సరిగ్గా చెప్పలేకపోయాం.

ఆ ప్రశ్న ఊరికే అడగరు. పక్షవాతం ఎక్కువ మందికి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వస్తుంది, కొందరికి నాళం చిట్లి వస్తుంది. గడ్డ అయితే కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ మనం చూసినప్పటి నుంచి కాదు, మనిషి ఆఖరిసారి బాగున్నప్పటి నుంచి లెక్క. నిద్రలో వస్తే రాత్రి పడుకున్న టైమే చెప్పాలి. పెద్ద నాళంలో గడ్డ ఉన్న కొందరికి ట్యూబుతో తీసే వైద్యం 24 గంటల దాకా చేస్తారు గానీ అది అన్నిచోట్లా ఉండదు, అందరికీ కుదరదు.

అనుమానం వస్తే పళ్ళు కనబడేట్టు నవ్వమనండి, ఒక పక్క జారుతుందేమో చూడండి. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి కిందికి వాలుతుందేమో. "నెల్లూరు చేపల పులుసు" అనమనండి, మాట ముద్దగా వస్తే తెలిసిపోతుంది. మూడిట్లో ఒక్కటి తేడా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి చూపు పోయినా, నడక తూలినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా అంతే. పది నిమిషాల్లో సర్దుకుందని ఇంట్లో కూర్చోవద్దు, అది పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

అంబులెన్సు వచ్చేలోపు మంచినీళ్ళు కూడా పోయొద్దు, మింగుడు సరిగా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండెకు మంచిదని ఆస్పిరిన్ వేయొద్దు, స్కాన్ తీస్తే గానీ గడ్డో రక్తస్రావమో తెలియదు, రక్తస్రావమైతే మాత్రే ముంచుతుంది. సీటీ స్కాన్ రాత్రీపగలూ ఉన్న ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో, నెల్లూరైనా ఒంగోలైనా, ఇవాళే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.

ఇక రాకుండా చూసుకోవడం అంటే అన్నిటికంటే ముందు బీపీయే. తల తిరగడం లేదు కాబట్టి బీపీ లేదనుకుంటారు, అది చప్పుడు చేయదు. 140/90 దాటి ఉంటోందంటే డాక్టరును కలవాల్సిందే. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నిట్లో కలిపి ఒక టీస్పూన్, మన ఎండుచేపలూ ఆవకాయా అప్పడాలూ కూడా అందులోనే (కష్టమే, నాకూ తెలుసు). షుగరు, చుట్ట, సిగరెట్టు, తాగుడు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాడి గతి తప్పి కొట్టుకుంటుంటే మాత్రం ఈసీజీ తీయించండి, గుండెలో పుట్టిన గడ్డ మెదడుకు పోయే దారి అదే.

పెదనాయనకు బీపీ మాత్రలు ఉండేవి. నార్మల్ వచ్చిందని రెండు నెలల ముందు ఆయనే ఆపేశాడు, నార్మల్ వచ్చిందే ఆ మాత్రల వల్ల అని ఎవరం చెప్పలేదు. ఇప్పుడు పెద్దమ్మ కాఫీ గ్లాసు పక్కనే మాత్ర పెట్టి, మింగిందాకా నిలబడుతుంది. గ్లాసు కుడిచేత్తోనే పట్టుకుంటాడు.